వీపుకా, క్యారియర్‌కా?

ఎండలు ముదిరినాయి. పొద్దున ఎనిమిదికే ఆళ్లగడ్డలో వీపు మీది బ్యాగు కింద చొక్కా తడిసి అంటుకుపోతాంది. సైకిల్ హ్యాండిల్‌కు తగిలిస్తే మలుపులో మోకాలికి కొట్టుకుంటాంది. మొన్న అన్నం క్యారేజీలో పప్పు సగం రోడ్డుపాలే.

నిన్న రాతి శిల్పాల షెడ్ల దగ్గర ఒక పెద్దాయన సైకిల్ చూసినా. ఉలులు, సుత్తి గోనెసంచిలో చుట్టి, క్యారియర్ మీద పొడుగ్గా పెట్టి, పాత ట్యూబు ముక్కతో రెండు చుట్లు బిగించినాడు. ఊపి చూసినా, కదల్లేదు.

"బరువు నువ్వెందుకు మోస్తావు అబ్బయా, సైకిల్ ఉండాది కదా!" అన్నాడు.

నేనూ అట్లే కడదామని పోతే, పంక్చర్ షాపాయన ట్యూబు ముక్కకు డబ్బులు కూడా తీసుకోలేదు. బ్యాగులో ల్యాప్‌టాప్ కింద మాత్రం తువ్వాలు నాలుగు మడతలేసినా. గుంతల్లో ఉలికేం కాదు, దీనికే నా భయం.