నీళ్ళు ఆగితే ఎవరు చెప్తారు?

ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్ళ చేతిలోనే ఒక మీటర్ ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని టిగ్ వెల్డింగ్ అంటారు గానీ, విజయవాడ ఆటోనగర్‌లో ఎవరినడిగినా ఆర్గాన్ అనే అంటారు. టార్చ్ వేడెక్కుతుంటే గ్లవ్ లోంచి ముందు బొటనవేలికి తెలుస్తుంది, ఇంకాసేపటికి చూపుడువేలికి. అప్పుడు టార్చ్ పక్కన పెట్టి, మాస్క్ పైకెత్తి కాసేపు ఆగాలి. మా నాన్న 20 ఏళ్ళుగా ఆ మీటర్ చూసుకునే పని చేస్తున్నాడు.

మా షెడ్డుకి ఎక్కువగా వచ్చేవి అల్యూమినియం పనులు. లారీల డీజిల్ ట్యాంకులు, పగిలిన గేర్‌బాక్స్ కవర్లు, అలాంటివి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. కానీ దాని మీద ఉండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. అందుకే దీనికి ఏసీ కరెంటు వాడతారు. టంగ్‌స్టన్ పాజిటివ్ అయిన ప్రతిసారీ ఆ పొర చెదిరిపోతుంది, కాకపోతే అదే సమయంలో వేడి టంగ్‌స్టన్ వైపు ఎక్కువగా వస్తుంది. అంటే అల్యూమినియాన్ని శుభ్రం చేసినందుకు ఖర్చు టార్చ్ భరించాలన్నమాట. మా మెషీన్ భుజానికి తగిలించుకుని ఎక్కడికైనా తీసుకెళ్ళగలిగే 200 ఆంపియర్ల ఇన్వర్టర్. దానితో వచ్చింది గాలికి చల్లారే టార్చ్. మే నెలలో రేకుల షెడ్డులో ఆ గాలే మండిపోతుంటే ఇంక టార్చ్ ఏం చల్లారుతుంది?

పోయిన వేసవి సెలవుల్లో ఇంటికెళ్తే నాన్న ఆవకాయ అన్నం చెంచాతో తింటున్నాడు. బొటనవేలి మొదట్లో చర్మం గట్టిపడి పగిలింది, కారం తగిలితే మంట.

కంప్యూటర్ సైన్స్ వాళ్ళం కదా, ప్రాసెసర్‌ని నీళ్ళతో చల్లబరచడం మనకి కొత్తేం కాదు. టార్చ్‌లకీ అలాంటి ఏర్పాటు ఉంది. రెడీమేడ్ కూలర్ ధర చూపిస్తే నాన్న నవ్వి ఫోన్ తిరిగిచ్చేశాడు. అయితే మనమే చేద్దామన్నాను. దానికీ ఒప్పుకోలేదు.

"వేడెక్కితే నా చెయ్యి చెప్తుంది తల్లీ. నీళ్ళు ఆగితే ఎవరు చెప్తారు?"

ఆ ప్రశ్న ఎంత సరైనదో నీళ్ళ టార్చ్ లోపల ఏముంటుందో చదివాక అర్థమైంది. దానికి గ్యాస్ పైపు ఒకటి, నీళ్ళు వెళ్ళే పైపు ఒకటి, తిరిగొచ్చే పైపు ఒకటి ఉంటాయి. కరెంటు మోసే రాగి తీగ ఆ తిరిగొచ్చే పైపు లోపలే, నీళ్ళలో మునిగి ఉంటుంది. నీళ్ళు ఉన్నాయన్న ధైర్యంతోనే ఆ తీగని సన్నగా చేస్తారు. అందుకే అంత చిన్న టార్చ్ కూడా 250 ఆంపియర్లు మోయగలుగుతుంది. నేను చదివింది ఇంగ్లీషులో, నాన్నకి చెప్పాల్సింది తెలుగులో. కరెంట్ డెన్సిటీ లాంటి మాటలన్నీ పక్కన పెట్టి, "తీగ సన్నం నాన్నా, దానికి నీళ్ళే దిక్కు" అన్నాను. పాత టార్చ్ మెల్లగా వేడెక్కుతూ హెచ్చరిస్తుంది. ఇది చల్లగానే ఉండి, నీళ్ళు ఆగాక చూస్తుండగానే కాలిపోతుంది. కాబట్టి చేతికి తెలిసే వేడిని తీసేస్తే, ఆ కబురు చెప్పడానికి ఇంకొకటి పెట్టి తీరాలి.

చల్లబరచడం తేలికైన సగం. నిమిషానికి 1 లీటరు నీళ్ళు తిరుగుతూ 10 డిగ్రీలు వేడెక్కాయంటే దాదాపు 700 వాట్ల వేడిని మోసుకెళ్ళినట్టు. ఈ లెక్కకి ఇంటర్ ఫిజిక్స్ చాలు. పంపు అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎయిర్ కూలర్ మోటారు. అది నీళ్ళు బాగానే తోడుతుంది గానీ దానికి ప్రెషర్ ఉండదు, టార్చ్ లోపలి సన్నటి దారుల్లోంచి నెట్టలేదు. మేం వాడింది పొలంలో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండే 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు. మందు తగలని కొత్తదే కొన్నాం. 10 లీటర్ల క్యాను, పంపుకి ముందు ఒక జాలీ ఫిల్టర్, పాత సామాన్ల కొట్లో దొరికిన కారు హీటర్ కోర్, దానికి రెండు కంప్యూటర్ ఫ్యాన్లు. ఫ్యాన్లూ 12 వోల్టులే కాబట్టి అన్నిటికీ ఒకే అడాప్టర్. బోరు నీళ్ళు మాత్రం వద్దనుకున్నాం. లోపల సున్నం పేరుకుంటుంది, పైగా వాటిలోంచి కరెంటు పారుతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ పోశాం. తిరిగొచ్చే నీళ్ళని లీటరు సీసాలో పట్టి ఫోన్‌లో టైమ్ చూస్తే 48 సెకన్లలో నిండింది.

ఇక కబురు చెప్పే సగం. నా మనసు ఎప్పుడూ ఆర్డుయినో వైపే లాగుతుంది. ఒక సెన్సార్, ఒక డిస్‌ప్లే, ఒక బజర్. కానీ ఆర్క్ మొదలవడానికి ఈ మెషీన్ హై ఫ్రీక్వెన్సీ స్పార్క్ కొడుతుంది. ఆ దెబ్బకి పక్కనున్న చిన్న బోర్డులు రీసెట్ అయిపోగలవు. అయినా గ్రైండర్ మోతలో బజర్ ఎవరికి వినపడుతుంది? మాస్క్ దించుకున్నాక డిస్‌ప్లే ఎవరు చూస్తారు? అందుకే ఒక్క లైన్ కోడ్ కూడా లేకుండా మామూలు ఫ్లో స్విచ్ పెట్టాం. నీళ్ళు పారితే లోపలి అయస్కాంతం జరిగి స్విచ్ కలుస్తుంది, ఆగితే విడిపోతుంది. దాన్ని టార్చ్ బటన్ వైరుకి సిరీస్‌లో కలిపాం. నీళ్ళు లేకపోతే బటన్ నొక్కినా నొక్కనట్టే. దీనికి మెషీన్ 2టి మోడ్‌లోనే ఉండాలి. 4టిలో బటన్ వదిలేసినా ఆర్క్ నడుస్తూనే ఉంటుంది. ఆ నాబ్ తిరగకుండా టేపు వేసేశాం.

స్విచ్‌ని పంపు పక్కనే పెడితే పని సులువు. కానీ మధ్యలో పైపు పగిలి నీళ్ళన్నీ నేలపాలవుతున్నా పంపు దగ్గర అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకని టార్చ్ దాటాక, తిరిగొచ్చే పైపులో పెట్టాం. నెట్‌వర్క్స్ క్లాసులో టీసీపీ గురించి చెప్పేది ఇదే కదా. పంపాను అంటే సరిపోదు, అందిందని అవతలి నుంచి అక్నాలెడ్జ్‌మెంట్ రావాలి.

నాన్న ఒక పాత ముక్క మీద ఆర్క్ వేసి, "పీకు" అన్నాడు. పంపు ప్లగ్ పీకాను. ఆర్క్ ఆగిపోయింది. ఏమీ అనకుండా మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి తిరిగొచ్చే పైపు మడతపెట్టమన్నాడు. ఆగింది. క్యానులోంచి పంపు పైపు బయటికి తీయమన్నాడు. కాసేపు గుడగుడమని గాలి పీల్చి, అదీ ఆగింది. మాస్క్ పైకెత్తి "సరే" అన్నాడు.

ఆర్క్ దగ్గరి వేడి ఇప్పటికీ చేతికి తగులుతుంది, అది ఏ పంపుతోనూ పోదు. టార్చ్ మాత్రం కాలడం లేదు. బొటనవేలి పగుళ్ళు మానాయి. అయినా నాన్న అలవాటుగా పని మధ్యలో ఒక్క క్షణం ఆగుతాడు, వేలు ఏమైనా చెప్తుందేమోనని. మొన్న పక్క షెడ్డు బాబాయ్ వచ్చి తనకీ ఇలాంటిది కావాలని, ఏమేం కొనాలో చెప్పమని కాగితం తీశాడు. నేను పంపుతో మొదలుపెట్టబోతే నాన్న అడ్డొచ్చాడు.

"ముందు స్విచ్ రాసుకో."