పెళ్లికూతురు మగపిల్లాడు!

లుబ్ధావధాన్లుకి పెళ్లయింది. డబ్బు పోతే పోయింది గానీ, ముసలితనంలో ఇంటికి దీపం పెట్టే గుంట వచ్చిందని మురిసిపోయాడు. పిల్ల కూడా చెప్పినమాట వినేలాగే కనిపించింది. పెళ్లి సందడి సద్దుమణగకముందే ఆ గుంట మాయమైంది. చీరా రవికా వదిలేసి, మగపిల్లాడిలా దర్జాగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. కాదు, కాదు... వెళ్లిపోయాడు!

'కన్యాశుల్కం' చూసినవాళ్లకి మహేశం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కరటకశాస్త్రి శిష్యుడు. నాటకాల్లో ఆడవేషాలు కట్టే కుర్రాడు. గురువు చెప్పాడని ఈసారి నిజం పెళ్లిపీటల మీదే వేషం కట్టాడు. నూట ముప్పై ఏళ్లుగా తెలుగువాళ్లు ఆ పెళ్లిని తల్చుకుని నవ్వుతూనే ఉన్నారు.

ఇలాంటి పెళ్లిళ్లు షేక్‌స్పియర్ కూడా చేయించాడు. 'మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్'లో ఒకే అమ్మాయి కోసం వెంపర్లాడిన ఇద్దరు పెళ్లికొడుకులు, చీకట్లో చెరో పిల్లనీ లేవదీసుకుపోయి, తీరా చూసుకుంటే ఇద్దరూ ఆడవేషంలో ఉన్న మగపిల్లలే. 'ట్వెల్త్ నైట్'లో ఒలీవియా మనసు పడిన యువకుడు నిజానికి మగవేషంలో ఉన్న వయోలా. 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో అయితే అడవిలో ఓ పువ్వు పసరు ఉంటుంది. నిద్రపోతున్నవాళ్ల కనురెప్పల మీద పిండితే చాలు, లేవగానే కనిపించిన వాళ్లమీద ప్రేమ పుట్టుకొస్తుంది. గంధర్వలోకపు రాణి అంతటి ఆవిడ గాడిద తల ఉన్న నేతగాణ్ని చూసి మైమరచిపోతుంది.

విజయనగరం, శ్రీకాకుళం వైపు జనానికి ఈ పసరు సంగతి వింతేమీ కాదు. ఒకడు ఒకత్తె వెనక పిచ్చిగా తిరుగుతున్నాడంటే 'ఎవత్తో మందు పెట్టేసింది' అనేస్తారు. మగవాడు ఆడదై మురిపించడమూ కొత్త కాదు. తూర్పు భాగవతంలో సత్యభామ జడ వేసుకుని రంగం మీదికొచ్చేది మగవాడే. షేక్‌స్పియర్ కాలంలో లండన్‌లోనూ అంతే, ఆడపాత్రలన్నీ కుర్రాళ్లే వేసేవారు.

ఆ షేక్‌స్పియర్ తెలుగునాటకి ఎప్పుడో వచ్చేశాడు. కందుకూరి వీరేశలింగం 1880లోనే 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ని 'చమత్కార రత్నావళి'గా తెలుగు చేశారు. విజయనగరంలో హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు కాళిదాసునీ షేక్‌స్పియర్‌నీ పక్కపక్కన కూర్చోబెట్టి 'నవరస తరంగిణి' రాశారు. అదే ఊళ్లో మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావు నాటకాన్ని 1892లో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. ఇప్పుడు అందరూ చదివే పెద్ద 'కన్యాశుల్కం' మాత్రం 1909 నాటిది. దాదాపు కొత్తగా రాసిన నాటకమే అది.

మందు ఎవరు పెట్టారు?

విజయనగరం బొంకులదిబ్బ దగ్గర మొదలయ్యే ఈ నాటకంలో అందరూ ఎవరో ఒకరి మాయలో ఉన్నవాళ్లే. మధురవాణి ఇంట్లో ఒకే మంచం కింద ఇద్దరు ప్రియులు నక్కుతారు, చీపురుకట్టతో పూటకూళ్లమ్మ వస్తుంది! అయితే గురజాడ అడవిలో పువ్వు లేదు. ఆయన మందు వేరు. లుబ్ధావధాన్లుకి పట్టింది చవకబేరపు మందు. తక్కువలో పిల్ల వస్తోందంటే ఇంకేమీ కనిపించదు. వెంకటేశానికీ, వాళ్లమ్మకీ గిరీశం ఇంగ్లీషు మాటలే మంత్రాలు. అర్థం కాకపోతే మరీ మంచిది.

పెళ్లికూతురు మాయమయ్యాక ఆ ఇంట్లో దెయ్యం భయం పట్టుకుంటుంది. దెయ్యాల్ని సీసాలో బిగించే గవరయ్యని పిలుస్తారు. పిల్ల అసలు పిల్లే కాదన్న ఒక్క ముక్క తెలిస్తే సీసాతో పనే లేదు. షేక్‌స్పియర్ అడవిలో నిజంగానే పసరు పిండే వాడొకడున్నాడు. ఇక్కడ లేని దెయ్యానికి బిరడా బిగిస్తారు. గురజాడ నవ్వు కాస్త కటువైనదే.

ఎందుకంత కటువు? మొదటి కూర్పు పీఠికలో కొన్ని లెక్కలున్నాయి. మహారాజా ఆనందగజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో (విజయనగరం అందులోదే) బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తీయించారు. మూడేళ్లలో 1,034 తేలాయి. అదీ పూర్తి జాబితా కాదు. వాళ్లలో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు! ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు.

మహేశం పీటల మీద కూర్చున్నది ఎవరి బదులో ఇప్పుడు గుర్తు తెచ్చుకోవాలి. అక్కడ కూర్చోవాల్సింది అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బి. ఆ సంబంధం వద్దని తల్లి వెంకమ్మ నూతిలో పడింది. అయినా తండ్రి మనసు మారలేదు. తోబుట్టువు దుఃఖం చూడలేక కరటకశాస్త్రి వేసిన ఎత్తు ఈ దొంగపెళ్లి. హాల్లో నవ్వులు మిన్నంటే ఆ సన్నివేశం వెనక ఒక నుయ్యి ఉంది.

తెల్లారని మాయ

షేక్‌స్పియర్ హాస్య నాటకాల్లో పద్ధతి ఒకటుంది. వేషాలు విప్పేస్తారు, పసరు దిగిపోతుంది, తెల్లారేసరికి ఎవరి జోడీ వాళ్లకి కుదిరి పెళ్లిబాజాలు మోగుతాయి. మధురవాణి కూడా వేషం వేస్తుంది. మాయమైన పెళ్లికూతుర్ని చంపేశాడన్న నేరం లుబ్ధావధాన్లు నెత్తికి చుట్టుకున్నప్పుడు, మగదుస్తుల్లో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికెళుతుంది. వేశ్యల నీడ పడనివ్వని పెద్దమనిషి ఆయన. అసలు రహస్యం చెప్పి ముసలాణ్ని గట్టెక్కిస్తుంది. ప్రతిఫలంగా ఒక ముద్దు అడుగుతుంది. ఆయన తడబడి సరే అనేసరికి తనే వద్దంటుంది. చేతికి భగవద్గీత పుచ్చుకుంటుంది. రోజలిండ్‌, వయోలాలకి వేషం తీశాక వరుడు దొరికాడు, మధురవాణికి పుస్తకం దొరికింది. ఆ వరుసలో ఏ నాయికకీ ఆమె తీసిపోదు సరికదా, ఒక మెట్టు పైనే.

ఇక బుచ్చమ్మ. సుబ్బి అక్క, చిన్నతనంలోనే వితంతువు. గిరీశం ఆమెని ప్రేమించాడా అంటే, ఎంతో కొంత ఇష్టపడ్డాడనే అనుకోవాలి. అతనికి తన మాటల మత్తే తనకి ఎక్కువ. వెధవా వివాహం మీద అతను చెప్పిన ఉపన్యాసాలకి ఆమె పడిపోయిందని తేల్చేస్తే మాత్రం అన్యాయం. తను వెళ్లిపోతే చెల్లెలి పెళ్లి ఆగిపోతుందన్న ఆశ కూడా ఆమెని గడప దాటించింది. అబద్ధాలాడే మనిషి వెంట బుచ్చమ్మ నిజమైన ప్రేమతోనే వెళ్లింది. అది ఎక్కువగా చెల్లెలిమీది ప్రేమ.

1955లో పి.పుల్లయ్య తీసిన సినిమాలో ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి, షావుకారు జానకి బుచ్చమ్మ. రంగస్థలం మీద దశాబ్దాలపాటు గిరీశంగా పేరు మోసిన జె.వి.రమణమూర్తి, రామప్పంతులు వేసిన ఆయన అన్న 'శంకరాభరణం' సోమయాజులు... ఇద్దరూ శ్రీకాకుళం జిల్లా లుకలాం వాళ్లే. జనం గిరీశాన్ని ఇష్టపడ్డారు, ఇంకా ఇష్టపడుతున్నారు. మాటలు అలాంటివి మరి! మూడు గంటల నవ్వులో ప్రేక్షకుడికీ కాస్త మందు పెట్టేస్తాడు.

ఇన్ని ప్రేమల నాటకంలో జరిగిన పెళ్లి ఒక్కటే, అదీ ఇద్దరు మగవాళ్ల మధ్య. చివరికి గిరీశం గుట్టు సౌజన్యారావు ముందు బయటపడుతుంది. అతన్ని వెళ్లి చదువుకొమ్మంటారు. బుచ్చమ్మని పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయం. ఆ గదిలో సౌజన్యారావు ఉన్నారు, మధురవాణి ఉంది, గిరీశం ఉన్నాడు. బుచ్చమ్మ లేదు. ఆ కబురు ఆమెకి ఎవరు చెప్పారో, విని ఏమందో గురజాడ రాయలేదు.