కొలిమికి వారసులెవరు?

కొలిమి అనగానే మన అభ్యుదయ కవిత్వంలో ఒక ప్రతీక సిద్ధంగా వుంటుంది. మంట ఎరుపు, జెండా ఎరుపు. రెండూ కలిస్తే విప్లవం. తరగతిలో అటువంటి పద్యాలు చెబుతున్నప్పుడల్లా నాకొక ప్రశ్న అడ్డు తగులుతుంది: ఆ మంట ముందు నిలబడ్డ మనిషి ఎవరు? అతని పేరేమిటి?

జర్మనీలోని ఫోల్క్‌లింగెన్ ఇనుప కర్మాగారం చరిత్ర చదివాక ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. 1873లో మొదలై, 1881లో రోష్లింగ్ కుటుంబం చేతికి వచ్చిన ఆ కర్మాగారంలో బ్లాస్టు ఫర్నేసులు 1986లో చల్లారాయి. 1994లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వరుసగా నిలిచిన ఆరు ఫర్నేసులనూ, పక్కనున్న కోకు బట్టీలనూ నేడు యాత్రికులు చూసి వస్తున్నారు.

బొగ్గును గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిలో దాదాపు ఒక రోజు వుంచితే తారు, అమోనియా, గ్యాసు విడిపోయి గట్టి కోకు మిగులుతుంది. ఫర్నేసులో ఇంధనం అదే. ఖనిజంలోని ప్రాణవాయువును లాగివేసేదీ, పైనుంచి పడే బరువును మోసేదీ అదే. ఇదంతా పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. కాని ఆ బట్టీల పొగ కార్మికుడి ఊపిరితిత్తులకు కాన్సరు తెస్తుందని వైద్యశాస్త్రం తేల్చిన సంగతి మన ప్రతీకల్లోకి రాలేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ వేలాదిమంది విదేశీయులచేత వెట్టిచాకిరీ చేయించారు. యజమాని హెర్మన్ రోష్లింగ్‌ను యుద్ధానంతరం ఫ్రెంచి సైనిక న్యాయస్థానం యుద్ధనేరస్తుడిగా శిక్షించింది. 1951లో విడుదలై, 1955లో చనిపోయాడు. 1956లో ఆ ఊళ్ళో ఒక పేటకు అతని పేరే పెట్టారు! 2013లో అందులోంచి ‘హెర్మన్’ తొలగింది. ఇంటిపేరు మాత్రం వుండిపోయింది. మరి వెట్టికూలీల మాటేమిటి? 2018లో ఫ్రెంచి కళాకారుడు క్రిస్టియన్ బోల్టాన్‌స్కీ ఆ కర్మాగారంలోనే వారికొక స్మారకం ఏర్పాటు చేశాడు. అక్కడ వారి పేర్లు గుసగుసగా వినిపిస్తాయి.

తుప్పుపట్టిన యంత్రాలను కాపాడటం వృథా అని నేననను. తుక్కుకింద అమ్మేస్తే శ్రమ జరిగిన చోటు కూడా మాయమవుతుంది. అయితే వారసత్వమంటే ఆస్తి ఒక్కటే కాదు. తండ్రి పొలం తీసుకున్నవాడు తండ్రి అప్పు కూడా తీర్చాలనడం మన ఊళ్ళలో అందరికీ తెలిసిన న్యాయమే. యంత్రాలకు వారసులమైనవాళ్ళం అక్కడ పనిచేసిన మనుషులకు బాకీపడ్డాం. కొలిమి వెలుగును ఇంతకాలం వాడుకున్న మన సాహిత్యానికీ ఆ బాకీలో భాగముంది.