ఒకే ప్రశ్న... ఆరుగురికి

2021 డిసెంబరు. ఆఫీసులో పేజీల హడావుడిలో ఉండగా మా బావ ఫోను. వాళ్లది త్రిపురాంతకం దగ్గర పల్లె. తోటలో నిలబడితే కొండ మీది త్రిపురాంతకేశ్వరుడి గుడి కనిపిస్తుంది. అక్క పుస్తెలు తప్ప మిగతా బంగారం తాకట్టు పెట్టి ఎకరంన్నర మిరప వేశారు ఆ ఏడు.

"పూలన్నీ రాలిపోతన్నయ్యయ్యా. ఆకు ముడుచుకుపోయింది. నీకు అందరూ తెలుసు గదా, కాస్త కనుక్కుని చెప్పు."

ఆ 'అందరూ తెలుసు గదా' ఉంది చూశారూ, అదే నన్ను ముంచింది. విలేకరికి అంతకన్నా పొగడ్త ఏం కావాలి? బావ పంపిన ఫొటో కింద 'ఏం మందు కొట్టాలి? అర్జంటు' అని రాసి, ఒక్క ఊపున ఆరుగురికి ఫోన్లో పంపేశాను. ఒకరు వ్యవసాయాధికారి, ఒకరు ఉద్యాన శాస్త్రవేత్త, ఒకడు గుంటూరులో పురుగుమందుల కొట్టు పెట్టిన నా క్లాస్‌మేటు, మిగతా ముగ్గురూ మిరపలో చేయి తిరిగిన రైతులు. మిగతా అయిదుగురినీ అడిగానని ఏ ఒక్కరికీ చెప్పలేదు. మరిచిపోయి కాదు. చెబితే 'ఇంకెవరో చూస్తార్లే' అని ఊరుకుంటారేమోనని!

గంటలో నాలుగు జవాబులు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే బావకు పంపి, నా పని అయిపోయిందనుకున్నాను.

బావ ఆ నాలుగు మందులూ అప్పు మీద తెచ్చాడు. ఏది సరైనదో ఆయనకేం తెలుసు? కళ్లముందు తోట పోతోంది. నాలుగూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టేశాడు. తీరా చూస్తే వాటిలో రెండు ఒకే మందు, ఫిప్రోనిల్. కంపెనీలు వేరు, సీసాల మీద పేర్లు వేరు. చెప్పిన ఇద్దరూ మోతాదు సరిగ్గానే చెప్పారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు కాబట్టి రెండూ కలిసి రెట్టింపయింది. మూడో రోజుకి ఆకుల అంచులు మాడాయి. పూలు మాత్రం రాలుతూనే ఉన్నాయి.

వ్యవసాయాధికారి జవాబు రాయలేదు. పాపం, మనిషే వచ్చారు, బండి మీద, తన పనులు మానుకుని. అప్పటికే మందు కొట్టిన తోట చూసి, "ఇంకేం చూడాలయ్యా ఇందులో?" అని వెనక్కి తిరిగారట. ఆ మాట అక్క ఫోన్లో చెబుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే శాస్త్రవేత్త ఫోను చేశారు. రెండు రోజులు ఆ ఫొటో ముందు పెట్టుకుని, తోటి శాస్త్రవేత్తతో కూడా మాట్లాడారట. "ఆకు సరే, పూవు ఫొటో ఏదండీ?" అన్నారు. ఎప్పుడూ చూసే తామర పురుగు లేత ఆకుల్ని పట్టి పైకి ముడుస్తుంది. ఆ ఏడాది ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల్లో మిరపను ఊడ్చేసింది నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా వైపు నుంచి వచ్చిన రకం. మన దేశంలో 2015లో బొప్పాయి మీద మొదట కనిపించింది. అది ఎక్కువగా పూలలో దాక్కుంటుంది. తెల్లకాగితం మీద పూవు దులిపితే నల్లగా రాలుతుంది. మందు మీద మందు కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు ముందు చస్తాయి, ఇది ఇంకా పెరుగుతుంది. నీలిరంగు జిగురు అట్టలు కట్టమని, వేపనూనె వాడమని చెప్పి, చివర్లో అడిగారు: "ఇప్పటిదాకా ఏమేం కొట్టారు?"

చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"నన్నొక్కణ్ణే అడిగారనుకున్నానండీ" అన్నారు.

ఆరుగురిని అడగడం తప్పని నేనిప్పటికీ అనుకోను. మా తాత రచ్చబండ దగ్గర పదిమందినీ అడిగేవాడు. కానీ అక్కడ ఒకడు 'ఫలానా మందు' అంటే పక్కవాడు 'అది నిన్ననేగా కొట్టింది' అనేవాడు. అడిగిన మాటా, చెప్పిన మాటా అందరి చెవినా పడేవి. నేను చేసింది ఆరు గదుల్లోకి వెళ్లి, ఆరుసార్లు తలుపు వేసుకుని అడగడం. రెండో డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటి డాక్టరు చీటీ జేబులో పెట్టుకెళ్లే మనకు ఇది తెలియనిదా? పైగా ఏమైందో తిరిగి ఎవరికీ చెప్పలేదు. నెల తర్వాత నా క్లాస్‌మేటు తనే ఫోను చేసి, "మీ బావ తోట నిలబడిందా?" అని అడిగాడు. ఆ రోజు వరుసగా ఆరుగురికీ ఫోన్లు చేశాను. వ్యవసాయాధికారికి చేయడానికి మాత్రం రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను.

తోట సగం పోయింది. అక్క బంగారం విడిపించడానికి మరో పంట దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాతి సీజనులో బావ మళ్లీ ఫొటో పంపాడు. ఒక ఆకు, దులిపిన పూవు, పక్కనే ఖాళీ సీసా, పేరు కనిపించేలా తిప్పి పెట్టాడు. కింద రాసిందిది: 'కొట్టాయన్ని అడిగా. ఇదిచ్చాడు. నాలుగు రోజులైంది కొట్టి. తగ్గలా. ఇంకెవర్నీ అడగలా.'