తొంభై మైళ్ళ దూరంలో క్యూబా

మన పత్రికలో యాత్రావ్యాసాలు రాసేవారంతా ఏదో ఒక ఊరు వెళ్ళివచ్చి రాస్తారు. కాశీ, కేదారం, సింగపూరు అన్నీ అయిపోయాయి. నేను రాయబోయేది ఎనిమిది నెలలపాటు సన్నాహాలు చేసి, చివరికి వెళ్ళకుండా మిగిలిపోయిన ఊరి గురించి. "వెళ్ళని ఊరికి వ్యాసమేమిటండీ?" అని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతోంది.

ఆ ఊరు క్యూబా రాజధాని హవానా. బళ్ళారి గాంధీనగర్‌లో కాపురముండే బ్యాంకు ఉద్యోగికి హవానా మీద మనసెందుకు పోయిందంటే, దానికి మూలం ఒక స్టాంపుల ఆల్బం. నేను ఏడో తరగతిలో ఉండగా బెంగుళూరు రోడ్డులో ఒక పుస్తకాల అంగడివాడు విదేశీ స్టాంపుల పొట్లాలు అమ్మేవాడు. ఏ పొట్లం విప్పినా అందులో సగం క్యూబావే! సీతాకోకచిలుకలు, చేపలు, అంతరిక్ష నౌకలు. ఎంత రంగులో! ఇన్ని స్టాంపులు వేసే దేశం ఎంత పెద్దదో అనుకుని అట్లాసు తెరిస్తే, అమెరికా కాళ్ళ దగ్గర నీళ్ళమీద తేలే మొసలిలా చిన్న దీవి కనిపించింది. ఆ ఆల్బం ఈనాటికీ మా బీరువాలో ఉంది.

2024 ఉగాదికి హ్యూస్టన్ నుంచి అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, డిసెంబరుకి మీ పెళ్ళయి ముప్పై ఏళ్ళు. ఎక్కడికైనా అందరం కలిసి వెళదాం. ఊరు మీరు చెప్పండి" అంది. నేను వెనకాముందూ చూడకుండా "క్యూబా" అన్నాను. అవతల కాసేపు మాటలేదు. తర్వాత అల్లుడు ఫోను తీసుకుని, "మామయ్యా, మిగతా కరీబియన్ దీవులు చాలా ఉన్నాయి, తెలుసు కదా?" అన్నాడు మెల్లిగా.

మేమిద్దరం భారత పాస్‌పోర్టు మీద క్యూబా వెళ్ళడానికి పెద్ద చిక్కేమీ లేదు. పర్యాటక వీసా, ఆరోగ్య బీమా ఉంటే చాలు. ఆ బీమా 2010 నుంచి తప్పనిసరి. నేరుగా విమానం లేదు గనుక యూరప్‌లో మారాలి. చిక్కంతా హ్యూస్టన్‌లో ఉన్న ముగ్గురితోనే.

అమెరికావాళ్ళు క్యూబా వెళ్ళకూడదని చాలామందికి తెలుసు. ఎలా వెళ్ళకూడదో నాకూ అప్పుడే తెలిసింది. కామర్సు చదివి, ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి కదా, నాకు భలే సరదా వేసింది. ఈ నిషేధం చూసేది విదేశాంగ శాఖ కాదు, ట్రెజరీ. అంటే ఖజానా శాఖ! వెళ్ళడం నేరమని సూటిగా రాయలేదు. అక్కడ డబ్బు ఖర్చుపెట్టడం నేరం. హవానాలో దిగవచ్చు, కానీ కాఫీ తాగి డబ్బులిచ్చారంటే చట్టం దాటినట్టే. ఊరికే తాగి వచ్చేవాళ్ళెవరు? 1984లో అమెరికా సుప్రీంకోర్టులో ఈ సంగతి విచారణకొస్తే, తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ఐదుగురు సర్కారు పక్షం, నలుగురు ఎదురు పక్షం వహించారు. ఒక్క ఓటు తేడాతో నిబంధన నిలిచింది.

ఈ కథ 1962 ఫిబ్రవరిలో మొదలయింది. క్యూబాతో వ్యాపారం మొత్తం బంద్ చేసే ఉత్తర్వు మీద కెనెడీ సంతకం పెట్టాడు. సంతకానికి ముందు తనకిష్టమైన క్యూబా చుట్టలు 1,200 తెప్పించుకుని, అవి చేతికందాకే కాగితం తీశాడని ఆయన పత్రికా కార్యదర్శి పియరీ సాలింజర్ తర్వాత చెప్పుకున్నాడు. 1963లో వివరమైన నిబంధనలు వచ్చాయి. 1977లో కార్టరు ప్రయాణాలకు సడలింపు ఇచ్చాడు. 1982లో రేగన్ తీసేశాడు. 2014 డిసెంబరులో ఒబామా తలుపు కొంచెం తీశాడు, 2016లో తానే హవానా వెళ్ళివచ్చాడు. 2019లో ట్రంప్ షికారు నౌకల్ని ఆపించాడు. 2022లో బైడెన్ మళ్ళీ కొంత వదులు చేశాడు. మా బ్యాంకులో సర్క్యులర్లు కూడా ఇలాగే ఉంటాయి. పాతది రద్దు చేస్తున్నామని చెప్పే కొత్తది, దాన్ని సవరిస్తూ ఇంకోటి.

ఆ ఖజానా శాఖలో ఓఫాక్ అని ఒక కార్యాలయం ఉంది. బ్యాంకువాళ్ళకు దాని పేరు చెబితే చాలు. మన ఊళ్ళో జీన్సు ప్యాంట్లు కుట్టే ఒక ఖాతాదారు విదేశాలకు కాస్త సరుకు పంపేవాడు. ఒకసారి అతనికి రావలసిన డాలర్లు రెండు వారాలు దారిలో ఆగిపోయాయి. కారణమేమంటే, ఇన్‌వాయిసులో గుడ్డ రంగు 'హవానా బ్రౌన్' అని రాశాడు! హవానా అనే మాట కనిపించగానే అక్కడి కంప్యూటరు పట్టేసింది. అది ఊరు కాదు, గోధుమ రంగు అని నేను జాబు రాసి విడిపించాల్సివచ్చింది. అప్పుడు నవ్వుకున్నాను. ఆ కంప్యూటరు ఒకనాడు మా ఇంటిమీదికే వస్తుందనుకోలేదు.

మనకు ఇది మరీ కొత్త సంగతీ కాదు. మా చిన్నాన్న 1980ల్లో కువైట్ వెళ్ళినప్పటి పాస్‌పోర్టులో, ఇది దక్షిణాఫ్రికాకు చెల్లదని మన సర్కారే అచ్చు వేసింది. వర్ణవివక్ష పోయాక 1993లో దౌత్య సంబంధాలు తిరిగి మొదలయ్యాయి. అయితే మన నిషేధం నోట్లో నుంచి ఒక్క మాటలో తేలేది. అమెరికావాళ్ళది పన్నెండు దారుల పద్మవ్యూహం.

అవును, సరిగ్గా పన్నెండు. బంధువులను చూడడం, చదువు, పరిశోధన, మతం, పత్రికా రచన, ఆటల పోటీలు, ఇలా పన్నెండు కారణాల్లో ఏదో ఒకటి ఉంటే క్యూబా వెళ్ళి డబ్బు ఖర్చు చేయవచ్చు. విహారయాత్ర మాత్రం అందులో లేదు. 2000లో అమెరికా కాంగ్రెస్ చట్టమే చేసి పెట్టింది. మామూలు కుటుంబానికి పనికొచ్చేది 'క్యూబా ప్రజలకు మద్దతు' అనే పద్దు ఒక్కటే. దాని ప్రకారం సర్కారు హోటళ్ళలో కాక ప్రజల ఇళ్ళలో గది తీసుకోవాలి, ప్రైవేటు భోజనశాలల్లో తినాలి, రోజంతా స్థానికులతో కలిసి ఏదో అర్థవంతమైన పని చేయాలి. తీరిక మరీ ఎక్కువ ఉండకూడదు. ఏమేం చేశారో లెక్కలు, రసీదులు దాచుకోవాలి. అంటే సముద్రం ఒడ్డున తువ్వాలు పరుచుకుని పడుకుంటే తప్పన్నమాట.

అల్లుడు కంప్యూటరు మనిషి. ఎనిమిది రోజులకు గంటల వారీగా పట్టిక తయారుచేశాడు. ఉదయం తొమ్మిదికి ఒక ఇంట్లో వంట నేర్చుకోవడం, పదకొండుకు చిత్రకారుడి దగ్గరకు, రెండు గంటలకు ప్రైవేటు టాక్సీవాడితో 1950ల నాటి కార్ల మరమ్మతు గురించి సంభాషణ. కింద ఒక గడిలో మా మనవడి పేరు. వాడికప్పుడు నాలుగేళ్ళు. "వీడు కూడా రోజంతా క్యూబా ప్రజలకు మద్దతివ్వాలా?" అని మా ఆవిడ అడిగితే, "అత్తయ్యా, మనలో అసలు చిక్కు వాడితోనే" అన్నాడు.

మా ప్రణాళిక ఏమిటంటే, వాళ్ళు ముగ్గురూ నవంబరులో బళ్ళారి రావాలి. ఇక్కడ వీసా స్టాంపింగ్ పూర్తి చేసుకోవాలి. అందరం బెంగుళూరులో ఒకే విమానం ఎక్కి మాడ్రిడ్ మీదుగా హవానా చేరాలి. తిరుగు ప్రయాణంలో వాళ్ళు అటు, మేము ఇటు. అమెరికా గడ్డ తొక్కకుండా ఇక్కడినుంచి బయల్దేరితే ఆ చట్టం వర్తించదు కదా అని నా ధైర్యం. మా ఇద్దరికీ వర్తించదు, నిజమే. కానీ మనవడు అక్కడ పుట్టినవాడు, అమెరికా పౌరుడు. వాడు బళ్ళారిలో ఉన్నా, చంద్రమండలంలో ఉన్నా ఆ చట్టం వాడి వెంటే వస్తుంది. అక్కడ నివాసముండే తల్లిదండ్రులకూ అంతే. పోనీ మేమిద్దరం ముందు హ్యూస్టన్ వెళ్ళి అక్కడినుంచి బయల్దేరదామంటే, అమెరికాలో కాలుపెట్టిన ఎవరైనా దాని పరిధిలోకి వస్తారు. అప్పుడు మేము కూడా మద్దతు పద్దులోకే!

మనం సరిహద్దు జిల్లావాళ్ళం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి ఇటు మైసూరులో చేరింది. మా ఇంట్లో సగం చుట్టాలు గీతకు అటే ఉండిపోయారు. అయినా గుంతకల్లు పెళ్ళికి వెళ్ళడానికి ఎవరూ కారణం అడగలేదు. 2020 లాక్‌డౌన్‌లో చెక్‌పోస్టు దగ్గర ఆపినప్పుడు తప్ప ఆ గీత ఎక్కడుందో మేము పట్టించుకోనేలేదు. గీత నేలమీద ఉంటుందని, దాటేస్తే అయిపోతుందని నా లెక్క. నాలుగేళ్ళ పిల్లవాడు జేబులో పెట్టుకు తిరిగే గీత ఉంటుందని ఈ ప్రయాణంలోనే తెలిసింది.

డబ్బు సంగతి నేను చూసుకుంటానన్నాను. అమెరికా బ్యాంకుల కార్డులు క్యూబాలో పనిచేయవు. మన కార్డును నమ్ముకుని అంతదూరం పోలేము, నోట్లు పట్టుకెళ్ళాలి. మన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఒక మనిషి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి నోట్లు తీసుకెళ్ళకూడదు, మిగతాది కార్డులోనే. ఇంకొకరికి వందసార్లు చెప్పిన నియమం నాకే అడ్డొచ్చింది. ఇద్దరికీ కలిపి ఆరు వేలు. ఐదుగురికి అదే చాలునని లెక్క తేల్చాను.

తేలనిది అపాయింట్‌మెంటు. అమ్మాయికీ అల్లుడికీ హెచ్-1బి వీసా స్టాంపు 2022లోనే అయిపోయింది. అమెరికాలో ఉండి పని చేసుకోవచ్చు గానీ, బయటికి వస్తే కాన్సులేటులో కొత్త స్టాంపు వేయించుకోకుండా తిరిగి పోలేరు. 2023 ఆగస్టులో మా అమ్మ పోయింది. అమ్మాయిని పెంచింది ఆవిడే. "జేజిని చూడాలి నాన్నా" అని రాత్రంతా ఫోనులో ఏడ్చింది. రావద్దని చెప్పినవాణ్ణి నేనే. వస్తే స్టాంపింగుకు ఎన్ని నెలలు పడుతుందో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో! దహనం ఫోనులోనే చూసింది. క్యూబా అని నేను పట్టుపట్టడంలో స్టాంపుల ఆల్బం ఒక సాకే. ఆ వంకతో నవంబరులో ఇంటికి వస్తారన్నది అసలు ఆశ. మా ఆవిడకు ఇది మొదటినుంచీ తెలుసు, అందుకే ఏమీ అనలేదు.

సెప్టెంబరు నెల పొడుగునా అల్లుడు తెల్లవారుజామున లేచి తేదీలు వెదికాడు. ఒక్కటీ దొరకలేదు. ఇంతలో అక్టోబరు 18న క్యూబాలో అతిపెద్ద విద్యుత్ కేంద్రం ఆగిపోయి దేశం మొత్తం చీకటైంది. మన కుడితిని థర్మల్ స్టేషన్ ఆగితే బళ్ళారికి ఒక పూట కరెంటు పోతుందేమో. అక్కడ కోటిమంది ఒక్కసారిగా చీకట్లో పడ్డారు. రెండు రోజులకు తుఫాను. నవంబరులో మరో తుఫాను. మేము గది మాట్లాడుకున్న ఇంటి యజమానురాలు, నీళ్ళ పంపు కూడా నడవడం లేదు, ఇప్పుడు రావద్దని తానే కబురు పంపింది. ఆవిడకు మేమిచ్చే అద్దె ఎంత అవసరమో తెలియంది కాదు. అయినా నిజం చెప్పింది.

డిసెంబరులో మేమిద్దరమే హ్యూస్టన్ వెళ్ళాం. మా అల్లుడు ఊరుకోక, సంక్రాంతికి మయామీ దాకా విమానంలో తీసుకెళ్ళి, అక్కడినుంచి కారులో దీవుల మీదుగా వేసిన వంతెనలు దాటించి కీ వెస్ట్ అనే ఊరికి తీసుకొచ్చాడు. ఏడు మైళ్ళ వంతెన ఒక్కటే దాటడానికి పది నిమిషాలు పట్టింది. రెండు పక్కలా పచ్చటి నీళ్ళు. కీ వెస్ట్‌లో చొక్కాల మీద, కప్పుల మీద, గొడుగుల మీద 'క్యూబాకు 90 మైళ్ళు' అన్న అక్షరాలే. బళ్ళారికి కర్నూలంత దూరం.

2025 జనవరి 14 సాయంత్రం సముద్రపు గట్టు మీద కూర్చున్నాం. మా ఆవిడ బళ్ళారినుంచి మోసుకొచ్చిన ఎళ్ళు బెల్లం పొట్లం విప్పి తలా కాస్త పెట్టింది. నేను ఆల్బం తేలేదు. ఫోనులో ఫోటోలు తీసుకొచ్చి మనవడికి సీతాకోకచిలుకలు చూపించాను. "ఇవి అక్కడుంటాయా తాతా?" అని నీళ్ళవైపు వేలు చూపించాడు. ఉంటాయన్నాను. "మరి మనమెందుకు పోలేదు?" అన్నాడు. "కరెంటు పోయింది నాన్నా" అంది వాళ్ళ అవ్వ.

అప్పుడే అల్లుడు ఫోను చూసి, "మామయ్యా, క్యూబాను ఉగ్రవాద దేశాల జాబితాలోంచి తీసేస్తున్నారట. బైడెన్ ప్రకటించాడు" అన్నాడు. దానివల్ల ప్రయాణపు నిబంధనలు మారవని ఇద్దరికీ తెలుసు. అయినా పండగ పూట మంచి మాట విన్నట్టే అయింది. ఇంకో గుప్పెడు ఎళ్ళు బెల్లం తిన్నాం. ఆరో రోజున, జనవరి 20న, ట్రంప్ గద్దెనెక్కిన రోజే ఆ నిర్ణయం రద్దయింది.

ఎనిమిది రోజుల పట్టిక అచ్చు తీసిన కాగితం నా దగ్గరే ఉంది. ఆల్బంలో క్యూబా పేజీల మధ్య పెట్టాను. మనవడికి ఓసీఐ కార్డు ఉంది, బళ్ళారికి ఎప్పుడైనా రావచ్చు. వాళ్ళమ్మా నాన్నల అపాయింట్‌మెంట్లే తేలాలి.