సుఖశబ్దం – నాభిరంధ్రం

ఒక గృహస్థుడు తన కారుకు శోభాయమానమైన అలాయ్ చక్రాలు అమర్చుకొన్నాడు. నాలుగు బోల్టులూ చక్కగా సరిపోయాయి. కాని వృద్ధమాతను యాదగిరిగుట్ట దర్శనానికి తీసుకొని వెళ్తుండగా, 80 కిలోమీటర్ల వేగం వద్ద స్టీరింగ్ కంపించసాగింది. ఆమె భయపడి, సగం దారిలోనే వెనుకకు మళ్ళించమన్నది. రెండుమార్లు బ్యాలెన్సింగ్ చేయించినా కంపనం శమించలేదు.

చివరకు ఒక వయోధికుడైన మెకానిక్ చక్రం విప్పి కొలిచాడు. హబ్ వ్యాసం 54.1 మిల్లీమీటర్లు, చక్రపు మధ్యరంధ్రం 73.1. "నట్లు గట్టిగానే పట్టుకొన్నాయి బాబూ, చక్రం మాత్రం నడిమధ్యన కూర్చోలేదు" అన్నాడు. ఆ ఖాళీని పూరించే హబ్ రింగులు నాలుగు చక్రాలకూ వేయగానే కంపనం నిలిచిపోయింది. మరుసటి శనివారం ఆ తల్లి స్వామిని దర్శించుకొని, తిరుగుప్రయాణంలో నిశ్చింతగా నిద్రించింది.

ఋగ్వేదంలో 'సుఖ' శబ్దం రథానికి విశేషణం. 'ఖ' అనగా రంధ్రం. నాభిరంధ్రం చక్కగా కుదిరి, సాఫీగా సాగే రథం సుఖరథం. సాధకుని వ్రతనియమాలు బోల్టుల వంటివి, అవి అత్యవసరం. అవి బిగువుగా ఉన్నా చిత్తం కంపిస్తూనే ఉంటే, మరొక నియమాన్ని బిగించుకొనే ముందు, తన నాభి ఈశ్వరునియందు కుదిరినదా అని అతడు విప్పి చూచుకోవాలి.