పువ్వు పైన, కాయ కింద

ప్యాపిలిలో బస్సు దిగగానే నా కళ్లు ఉగ్గాని బండిని వెతుక్కుంటాయి. నానబెట్టి పిండిన బొరుగులు, వేగిన ఉల్లిపాయ, టమాటా, పైన చల్లిన పుట్నాల పొడి, పక్కన సెగలు కక్కే మిరపకాయ బజ్జి. సీమ తిండి అంటే ఇదే అనిపిస్తుంది. అయినా ఆరు వందల ఏళ్ల కిందట ఈ దేశంలో మిరపా లేదు, టమాటా లేదు. రెండూ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చినవే. అంతకుముందు మన వంటింట్లో ఘాటు కావాలంటే మిరియాలే పెద్ద దిక్కు. ఇప్పుడేమో పత్తికొండ, ప్యాపిలి రైతు ఇల్లు గడిచేది టమాటా ధరను బట్టి.

ఒక పొద్దు నేను అక్కడికి పోయింది మాత్రం బుడ్డల చేను చూడ్డానికి. కర్నూలు వైపు వేరుశెనగను బుడ్డలంటాం. ఆగస్టు నెల, ఎర్రనేల. ఒక అవ్వ వంగి కలుపు తీస్తోంది. నేను అడిగితే, చెట్టు పీకకుండానే కొమ్మను పక్కకు ఒత్తి చూపించింది. తెల్లారుజామున విప్పుకున్న పసుపు పువ్వు అప్పటికే వాడి వేలాడుతోంది. దాని కిందుగా, మునుపెప్పుడో పూసి రాలిన పువ్వు చోటు నుంచి, ఊదారంగు సూది లాంటిది ఒకటి నేల వైపు వంగి ఉంది. ఊడ అంటారు దాన్ని.

"పువ్వు పైన, కాయ కింద. ఇది మట్టిలోకి దిగితేనే బుడ్డ. నేల గట్టిబడితే గాల్లోనే ఎండిపోతాది నాయనా."

పూత వేళ రైతు ఆకాశం కేసి ఎందుకు అలా చూస్తాడో ఆ ఊడను చూస్తే తెలుస్తుంది. ఒక్క పదును తప్పితే పూసిన పూతంతా ఉత్తిదే. కాయకు కావలసిన సున్నాన్ని వేరు పైకి పీల్చి పంపదు. నేలలోకి దిగిన ఊడ, దాని కొసన ఊరే కాయ, తమ చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటాయి. ఎకరాకు 200 కిలోల జిప్సం పూత సమయంలో చెట్టు మొదళ్లలో వెయ్యమనేది అందుకే.

ఇంత మనదనిపించే పంట పుట్టిల్లు బొలీవియా దక్షిణ కొస, అర్జెంటీనా ఉత్తర సరిహద్దు. వేల ఏళ్ల కిందట రెండు అడవి జాతులు కలిసి ఈ బుడ్డ పుట్టింది. 1987లో పెరూలోని సిపాన్‌లో మోచె జాతి ప్రభువు సమాధి బయటపడింది. సుమారు 1700 ఏళ్ల నాటిది. ఆయన ఛాతీ మీద వేరుశెనగ కాయల హారం ఉంది. కుడి వైపు పది కాయలు బంగారంవి, ఎడమ వైపు పది వెండివి. మనం సంతలో సేరు లెక్కన కొలిచి పోసుకునే కాయను వాళ్లు గుండెల మీద పెట్టి ప్రభువును సాగనంపారు. ఆ సంగతి చదివిన నాటి నుంచి బుడ్డ ఒలిచేటప్పుడు నా చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది.

మొక్కలు ఊళ్లు దాటే ఈ కథ మా దగ్గర బండ మీదా ఉంది. ప్యాపిలికి పొరుగున, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, ఎర్రగుడి గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో రెండోది నాకు ప్రాణం. మనుషులకూ పశువులకూ పనికొచ్చే మూలికలు, దుంపలు, పండ్లు ఎక్కడ లేవో అక్కడికి తెప్పించి నాటించానని అందులో రాయించాడు. యుద్ధాల గొప్పలు చెక్కించుకోగల రాజు దుంపల గురించి చెక్కించాడు! నా మటుకు ఆ బండ మీద అంతకన్నా పెద్ద మాట లేదు. ఆ పని రాజులతో మొదలవనూ లేదు, ఆగనూ లేదు. జొన్న ఆఫ్రికా నుంచి అంతకు చాలా ముందే వచ్చేసింది, కొర్ర చైనాలో సాగు నేర్చింది, కంది మాత్రం ఈ దేశపు బిడ్డ. 1972లో పటాన్‌చెరులో పెట్టిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తన నిధిలో జొన్న, కంది, వేరుశెనగ పక్కపక్కనే చల్లటి గదుల్లో నిద్రపోతున్నాయి.

చేలో అవ్వకు ఇదంతా చెప్పుకొచ్చాను. బుడ్డ సముద్రాలు దాటి వచ్చిందంటే ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఆ దేశంలో వానలు బాగుంటాయా?"

"మన మాదిరే అవ్వా. కొన్ని నెలలు వాన, మిగతా అంతా ఎండ."

"అయితే దీనికి అలవాటే" అని, చూపించడానికి పక్కకు ఒత్తిన కొమ్మను సరిచేసి, ఊడ కిందికి గుప్పెడు మన్ను లాగి, పక్క సాలుకు జరిగింది.